అయిదు కొమ్ముల మూత

నేను ఒక మూతను. మూత అనగానే ఊరగాయ జాడీ మీదిదో, పప్పుగిన్నె మీదిదో అనుకుని పెదవి విరవకండి. పాత పెట్రోలు కార్ల ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ అనే పరికరం ఉంటుంది. దాని నెత్తిన కూర్చునే మూతను నేను. ఒళ్ళంతా బేకలైటు అనే గట్టి నల్లటి ప్లాస్టిక్కు, నెత్తిన అయిదు కొమ్ములు. చుట్టూ నాలుగు, నడిమధ్య ఒకటి. పశువులకు రెండే ఇచ్చిన దేవుడు నాకు అయిదు ఇచ్చాడని నాకు కాస్త గర్వం ఉంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు కాబట్టి దాచుకోవడం లేదు.

నా పని గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. కాయిల్ అనే తీగచుట్ట నుంచి వచ్చే నిప్పు నా నడికొమ్ములోంచి లోపలికి దిగుతుంది. లోపల రోటర్ అనే చిన్న చేయి గిరగిరా తిరుగుతూ, బంతిలో వడ్డించేవాడిలా ఆ నిప్పును నాలుగు పక్కకొమ్ములకూ వరసగా పంచుతుంది. అక్కణ్ణించి వైర్ల మీదుగా, పెట్రోలును అంటించే నాలుగు ప్లగ్గులకు పోతుంది. ఎవరి విస్తట్లో పడాల్సింది వాళ్ళ విస్తట్లో పడినంతసేపూ కారు హాయిగా నడుస్తుంది. దారిలో ఒలికిపోయిందా, ఇంజను తడబడుతుంది, దగ్గుతుంది, తుమ్ముతుంది. మెకానిక్కులు దాన్నే 'మిస్సింగ్' అంటారు.

నేను పుట్టింది కార్ఖానాలో. పొడి రూపంలో ఉన్నవాణ్ణి అచ్చులో పోసి, వేడిపెట్టి నొక్కి, గట్టిపడ్డాక బయటికి తీశారు. పుట్టగానే పని దొరికిందనుకుంటున్నారేమో, అదేం లేదు. అట్టపెట్టెలో పెట్టి కాకినాడలో ఒక విడిభాగాల దుకాణానికి పంపారు. అక్కడ అద్దాల బీరువాలో, ఫ్యాను బెల్టుల పక్కన, ఎన్నేళ్ళు కూర్చున్నానో నాకే తెలియదు. ఎవరైనా లోపలికి వస్తే నాకోసమే వచ్చారనుకునేవాణ్ణి. వాళ్ళు బల్బు కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. చివరికి రామచంద్రపురం నుంచి సోమయాజులుగారనే హోమియో డాక్టరు వచ్చి, తన గుండ్రటి పాత కారు కోసం నన్ను తీసుకెళ్ళారు.

సోమయాజులుగారు విచిత్రమైన మనిషి. కారు మొరాయిస్తే తిట్టేవారు కాదు, తన్నేవారు కాదు. బానెట్ ఎత్తి, రోగిని అడిగినట్టు అడిగేవారు. "పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? చల్లగాలికి పెరుగుతోందా? కాసేపు నడిచాక తగ్గుతోందా?" అని. ఇరుగుపొరుగు నోరు నొక్కుకుని నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం ముచ్చటేసేది. ఈ ఊళ్ళో నన్ను మర్యాదగా పలకరించింది ఆయనొక్కరే. నాకు నోరుంటే జవాబు చెప్పేవాణ్ణి కూడా. కొన్నాళ్ళకు ఆయనకు చూపు మందగించింది. దారిన పోయే గేదెను ఎవరో పెద్దమనిషి అనుకుని హారన్ కొట్టకుండా ఆగిపోయారట. ఆ మర్నాడే కారు అమ్మేస్తానని ప్రకటించారు.

కొన్నవాడు భీమేశ్వర్రావు. సన్నాయి విద్వాంసుడు. తాతల నాటి నుంచి ఆ ఇంటివాళ్ళదే ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు మేళం. బస్సుల్లో డోలు పెట్టుకోనివ్వరు, ఆటోలో సన్నాయిలకు కుదుపు ఎక్కువ. ఈ కారైతే వెనక సీటులో డోలు కూడా మనిషిలా కూర్చుంటుంది. డోలు వాయించేవాడు నూకరాజు, భీమేశ్వర్రావు భార్య మాణిక్యానికి తమ్ముడు. కారు నడిపేదీ అతనే. శ్రుతి పట్టేవాడు, తాళం వేసేవాడు ఇంకో ఇద్దరున్నారు గాని, వాళ్ళు కారెక్కగానే నిద్రపోతారు, కాబట్టి నా కథలో వాళ్ళకు పెద్దగా పనిలేదు.

ఆ ఇంట్లో మొదటి దసరా నాకు బాగా గుర్తు. ఆయుధపూజ నాడు సన్నాయిలు, డోలు, తాళాలు పీటల మీద పెట్టి పసుపు రాసి, బొట్లు పెట్టి, మాణిక్యం వాకిట్లోకి వచ్చింది.

"ఇది కూడా మనకు అన్నం పెట్టేదేగా. దీనికెక్కడ పెట్టాలి బొట్టు?" అంది.

నూకరాజు బానెట్ ఎత్తి లోపలికి చూపించాడు. "పైన రేకుకి పెడితే ఏం లాభం అక్కా? అసలు ప్రాణం ఇక్కడుంది. ఇదిగో, దీనికి కొమ్ములు కూడా ఉన్నాయి చూడు."

"అదేదో కరెంటు సామాను, జాగ్రత్త," అన్నాడు భీమేశ్వర్రావు అరుగు మీంచి.

"ఇంజను ఆపేసుంది బావా, ఏం కాదు."

మాణిక్యం నన్ను చూసి నవ్వింది. ఎడ్లకు పెట్టినట్టు తడి వేలితో నా నెత్తినంతా పసుపు రాసి, కొమ్ముకొమ్ముకీ మొదట్లో కుంకుమ బొట్టు పెట్టింది. అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టకుండా కూర్చున్నవాణ్ణి. ఆ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు. పక్కనున్న కాయిల్‌కు ఒక్క బొట్టు కూడా దక్కలేదు. అది కుళ్ళుకుందని నా నమ్మకం.

ఏడాదికి ఒక్కసారి పండగనాడు పెట్టిన బొట్టు వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రోజు కారు ఎక్కడికీ కదలదు, మర్నాటికి అంతా ఎండి రాలిపోయేది. అసలు గొడవ మొదలైంది ఒక పంక్చర్‌తో.

మండపేట పెళ్ళికి వెళుతుంటే దారిలో మేకు దిగి చక్రం గాలి పోయింది. అది మార్చుకుని వెళ్ళేసరికి జీలకర్రా బెల్లం అయిపోయింది. మేళం లేకుండానే ముహూర్తం గడిచింది. మేకుకు ముహూర్తం తెలియదని మీకూ నాకూ తెలుసు. మాణిక్యం మాత్రం కారుకు దిష్టి తగిలిందని తీర్మానించింది. ఆ రోజు నుంచి మేళం బయల్దేరే ప్రతిసారీ, చీకటితోనే లేచి తలస్నానం చేసి, బానెట్ ఎత్తించి నాకు పసుపూ కుంకుమా పెట్టడం మొదలుపెట్టింది. మామూలు రోజుల్లో పెట్టదు. పెళ్ళిళ్ళకు వెళ్ళే రోజునే.

పసుపులో సున్నం కలిస్తేనే కుంకుమ అవుతుందని ఇల్లాళ్ళకు తెలుసు. అది తడిగా ఉన్నంతసేపూ దాని మీదుగా నిప్పు హాయిగా నడిచిపోతుందని మాత్రం ఎవరికి తెలుసు? నడికొమ్ములోంచి లోపలికి దిగాల్సిన నిప్పు, కొంత దిగి, కొంత బయటే ఆ తడి బాట పట్టి పక్కకొమ్ముల మీదికి పాకిపోయేది. ఇంజను ఖాళీగా తిరుగుతున్నంతసేపూ తేడా కనబడదు. నూకరాజు యాక్సిలరేటర్ తొక్కి బరువు ఎత్తమన్నప్పుడు మాత్రం కారు ఒక్క క్షణం ఆలోచించేది, కుదుపుకునేది, వెనకనుంచి టప్పుమనేది. గంట గడిచి వేడికి బొట్లు ఎండిపోయాక సర్దుకునేది. మంచు కురిసే మాఘమాసంలో అదీ ఉండేది కాదు.

రెండో పెళ్ళికీ ఆలస్యమయింది. అక్కడ పెళ్ళివారు ఆగలేక ఎవరి ఫోనులోదో సన్నాయి పాట సౌండు బాక్సులో పెట్టేశారు. భీమేశ్వర్రావు పందిట్లోకి అడుగుపెట్టేసరికి పెట్టెలోంచి ఎవరో ఊదుతున్నారు. ఆయన సన్నాయి సంచి విప్పకుండా వెనక్కి వచ్చి కారులో కూర్చున్నాడు. నాకు చాలా బాధేసింది.

దాని ఫలితం ఏమిటో ఊహించండి. మాణిక్యం బొట్లు పెంచింది. ఇంతకుముందు కొమ్ముకొకటి ఉండేది. ఇప్పుడు కొమ్ము చుట్టూ దండలా పెట్టసాగింది. రోగం ఎంత ముదిరితే మందు అంత ఎక్కువ పడింది. ఆ మందే రోగం అని నాకు తెలుసు. చెప్పుకోవడానికి నోరులేదు. ఉన్నా చెప్పేవాణ్ణో లేదో. ఆ వేలి చల్లదనం నాకు ఇష్టంగానే ఉండేది.

ఇక వైద్యం సంగతి. పెళ్ళి మర్నాడు కారును దుర్గారావు షెడ్డుకు తోలుకెళ్ళేవాళ్ళు. దుర్గారావు మంచి మెకానిక్కే. కాని అతనికి శుభ్రత జాస్తి. బానెట్ ఎత్తగానే, రోగం ఏమిటని అడగకముందే, పెట్రోలులో ముంచిన పాతగుడ్డతో ఇంజనంతా తుడిచేస్తాడు. నన్నూ తుడిచేస్తాడు. నా మీద పసుపూ కుంకుమా చూసి ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాడు. ఇంటి ఇల్లాలు భక్తిగా పెట్టుకున్నదాన్ని గురించి ఏం మాట్లాడతాంలే అన్నట్టు తల తిప్పుకుని, గబగబా తుడిచేసేవాడు. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే ఏముంటుంది? ఇంజను గోదారి మీద పడవలా సాగిపోయేది.

"ఏదండీ మిస్సింగు? వినిపించండి," అనేవాడు.

నూకరాజు చెవి పెట్టి వినేవాడు. "ఇప్పుడు లేదు మేస్త్రీ. నిన్న ఉంది. దేవుడి తోడు."

అయినా ఖాళీగా పంపించడం బాగుండదని దుర్గారావు ప్లగ్గులు మార్చాడు. వైర్లు మార్చాడు. పాయింట్లు దిద్దాడు. కార్బురేటర్ విప్పి, పిల్లకు చెవులు కడిగినంత శ్రద్ధగా కడిగాడు. వాళ్ళ అనుమానం పోక ఇంకోసారి తెచ్చినప్పుడు నూకరాజు ఒక మాట చెప్పాడు. డోలు వాయించేవాడి చెవి కదా.

"అది ఒకే దెబ్బ తప్పట్లేదు మేస్త్రీ. నాలుగు దెబ్బల్లో ఫలానాది పోతోందంటే తాళం పట్టేసేవోణ్ణి. ఓసారి ఇది మింగుతోంది, ఓసారి అది మింగుతోంది. లెక్క దొరకట్లేదు."

దుర్గారావు గడ్డం గోక్కున్నాడు. "ఒకటే తప్పితే ఆ ప్లగ్గో, ఆ వైరో అనేవోణ్ణండి. అన్నీ తప్పుతున్నాయంటే, నాలుగింటికీ ఉమ్మడిగా వచ్చే చోట ఉండాలి తేడా."

ఎంత చక్కటి ఆలోచన! నాలుగింటికీ ఉమ్మడి చోటు నేనే కదా. ఇక నా వైపు చూస్తాడని ఎదురుచూశాను. చూశాడు. శుభ్రంగా తుడిచిన నన్ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పగులు లేదని తేల్చి, తిరిగి పెట్టేసి, కాయిల్ మార్చాడు. బొట్టు దక్కలేదని కుళ్ళుకున్న కాయిల్ ఉద్యోగమే పోగొట్టుకుంది పాపం.

దిక్కుతోచక ఒకరోజు బావా బావమరుదులు సోమయాజులుగారి దగ్గరికి వెళ్ళారు. కారు గుమ్మం ముందే ఆపారు కాబట్టి మాటలు నాకూ వినబడ్డాయి. ఆయన కారును తడిమి గుర్తుపట్టి, పాత అలవాటు ప్రకారం అడిగారు.

"ఎప్పుడెక్కువ?"

"పొద్దున్నేనండి. అందులోనూ పెళ్ళికెళ్ళే రోజునేనండి డాట్రుగారూ. ఊరికే తిరిగితే ఏమీ ఉండదు," అన్నాడు భీమేశ్వర్రావు.

"అలాగైతే రోగం కారులో లేదోయ్, మీ పెళ్ళిప్రయాణంలో ఉంది. ఆ రోజున చేసేదీ, మామూలు రోజున చెయ్యనిదీ ఏమిటో కనుక్కోండి."

ఇద్దరూ తలలు బద్దలు కొట్టుకున్నారు. బరువెక్కువ అవుతోందేమోనని మామూలు రోజున బియ్యం బస్తాలు వేసుకుని ద్రాక్షారామం దాకా వెళ్ళొచ్చారు. కారు తడబడకుండా వెళ్ళొచ్చింది. వేరే బంకు పెట్రోలు పోయించారు. పెళ్ళికి వెళ్ళినట్టే తెల్లవారుజామున లేచి ఊరు చుట్టొచ్చారు. నూకరాజు పట్టుపంచె కూడా కట్టాడు, అనుమానం ఎందుకని. అన్నీ చేశారు. నాకు బొట్టు మాత్రం పెట్టలేదు. ఎందుకంటే బొట్టు పెట్టడం వాళ్ళ లెక్కలో 'చేసే పని' కాదు. గాలి పీల్చడం ఒక పనా? అలాగే అదీను. మనుషులు అన్నీ వెతుకుతారు, రోజూ చేతిలో ఉన్నదాన్ని తప్ప.

ఈలోగా మేళానికి పిలుపులు తగ్గాయి. మిగిలింది గోదావరి గట్టున ఒక ఊళ్ళో మునసబుగారి మనవరాలి పెళ్ళి. ఆ ఇంట్లో మూడు తరాలుగా వీళ్ళదే మేళం. మునసబుగారు తాంబూలం పట్టుకుని స్వయంగా వచ్చారు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, లేచేటప్పుడు మెల్లగా అన్నారు.

"భీమేశ్వర్రావూ, మీ నాన్న ఊదితేనే నాకు పెళ్ళయింది. నువ్వు ఊదితేనే మా వాడికయింది. కాని ఈసారి నీకోసం ముహూర్తం ఆగదయ్యా. పిల్లలు ఎందుకైనా మంచిదని సౌండు బాక్సు కూడా చెప్పారు. ఏమనుకోకు."

ఆయన వెళ్ళాక భీమేశ్వర్రావు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత భార్యతో చెప్పాడు. "ఈసారి కూడా ఆ పెట్టె నాకంటే ముందు ఊదిందనుకో, ఇక దీన్ని గోడకు తగిలించేస్తాను మాణిక్యం. మళ్ళీ ముట్టుకోను." కోపంగా చెబితే ఆమె వాదించేదేమో. ఆయన మామూలుగా చెప్పాడు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ముందు రోజే వెళ్ళి పడుకుందామనుకున్నారు గాని, ఆ సాయంత్రం ఊళ్ళో అమ్మవారి గుడి దగ్గర ఊదే వంతు వీళ్ళది. అది తప్పించుకునేది కాదు. కాబట్టి తెల్లవారుజామునే ప్రయాణం. మాణిక్యం ఎప్పుడూ మేళంతో వెళ్ళే మనిషి కాదు. ఈసారి తనూ వస్తానంది. ఏం జరిగినా పక్కన ఉండాలనిపించిందట.

ఆ పొద్దున్న ఆమె నాకు చేసిన అలంకారం చూసి తీరాలి. పసుపు అంగుళం మందాన ఉందంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే గాని, చాలానే ఉంది. కొమ్ములన్నీ కుంకుమలో మునిగిపోయాయి. "తల్లీ, ఈ ఒక్కసారి గట్టెక్కించు," అంది నా నెత్తిన చెయ్యి పెట్టి. నాకు భయమేసింది. మొదటిసారి ఆ వేలి చల్లదనం నాకు నచ్చలేదు.

ఊరు దాటేదాకా కారు ఎలాగో వెళ్ళింది. కాలవగట్టు ఎక్కాక మంచు కమ్ముకుంది. గట్టు మలుపు దగ్గర ఎత్తు వచ్చింది. నూకరాజు యాక్సిలరేటర్ తొక్కాడు. కారు జంకింది, మూడుసార్లు తల విదిల్చింది, టప్పుమంది, అక్కడే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే అయింది గాని, తొక్కితే మాత్రం ముందుకు కదలలేదు. వెనక సీటులో నిద్రపోతున్న ఇద్దరూ లేచి కూర్చున్నారు. కథ మొత్తంలో వాళ్ళు మేలుకున్నది ఇప్పుడే.

ఇంజను నడుస్తుండగానే బానెట్ ఎత్తారు. నూకరాజు ఫోను లైటు వేసి వెతికాడు. వైర్లు ఉన్నాయి, బెల్టు ఉంది, ఏదీ ఊడలేదు. వెలుతురులో అన్నీ బాగానే కనిపిస్తాయి, అదే చిక్కు. అంతలో ఆ ఫోనే మోగింది. మునసబుగారింటి నుంచి. నూకరాజు లైటు ఆర్పి, ఫోను బావ చేతికిచ్చాడు. భీమేశ్వర్రావు కాస్త దూరం వెళ్ళి, "వస్తున్నామండి. దారిలోనే ఉన్నామండి. ఆయ్, వచ్చేస్తామండి," అంటున్నాడు.

కారు దగ్గర మళ్ళీ చీకటైంది. మాణిక్యం నా మీదికి వంగి నిలబడి ఉంది.

"తమ్ముడూ, ఇలా రా. లైటు వెయ్యకు."

"ఏంటక్కా?"

"అదుగో. అది చూడు."

నా నడికొమ్ము మొదట్లోంచి దారంలా సన్నటి నీలం నిప్పు బయల్దేరి, ఒకసారి ఈ కొమ్ముకీ ఒకసారి ఆ కొమ్ముకీ చిటచిటమంటూ పాకుతోంది. ఎక్కడ కుంకుమ ఉంటే అక్కడ నడుస్తోంది. కుంకుమ లేని చోట ఆగిపోతోంది. నూకరాజు నోరు తెరుచుకుని చూశాడు. దెబ్బలకు లెక్క ఎందుకు దొరకలేదో అప్పుడు అతనికి అర్థమైంది.

"నేను పెట్టిన బొట్టు మీదేరా పాకుతోంది," అంది మాణిక్యం. ఆ మాట చెప్పడానికి ఆమెకు చాలా కష్టమైంది. పెళ్ళిప్రయాణం రోజున తాను చేసేదేమిటో, మామూలు రోజున చెయ్యనిదేమిటో ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

నూకరాజు ఇంజను ఆపాడు. తువ్వాలు తీసుకుని నా మీదికి చెయ్యి చాపాడు. చాపినవాడు సగంలో ఆగిపోయాడు.

"నావల్ల కాదక్కా. శుభమా అని పెళ్ళికి పోతూ కుంకుమ తుడవడమేంటి?"

భీమేశ్వర్రావు వచ్చి సంగతి విన్నాడు. ఆయనా చెయ్యి చాపలేదు. "కాసేపు ఆగితే అదే ఆరుద్దేమో," అన్నాడు.

"ఈ మంచులో ఎప్పటికి ఆరుద్దండీ? అప్పటిదాకా ముహూర్తం ఆగుద్దా?" అంది మాణిక్యం.

షెడ్డులో దుర్గారావు ఎన్నోసార్లు తుడిచిందే కదా అని మీరనవచ్చు. వేరే మనిషి, వేరే చోట, తలుపు చాటున తుడిచినది వేరు. భర్త మంగళవాద్యం పట్టుకుని బయల్దేరిన రోజున, తను పెట్టిన బొట్టును తన చేత్తో తుడవడం ఒక ఇల్లాలికి ఎలాంటిదో ఆ గట్టు మీద నిలబడిన అందరికీ తెలుసు. నాకు కూడా తెలుసు.

"పెట్టింది నేనే. తీసేదీ నేనే," అంది.

పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుని, "తప్పుగా అనుకోకు తల్లీ," అని గొణుక్కుంటూ, ఒక్కొక్క కొమ్ము మొదలూ గట్టిగా రుద్ది తుడిచింది. తుడుస్తున్నంతసేపూ ఏడ్చింది. కన్నీళ్ళు నా మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది. పడితే మళ్ళీ తడవుతానని ఆమెకు ఆ కాసేపట్లోనే తెలిసిపోయింది. తుడవడం అయ్యాక కొంగంతా పసుపూ ఎరుపూ అయింది.

ఇంజను ఒక్కసారికే అందుకుంది. నూకరాజు బానెట్ మీద చెవి పెట్టి, వేళ్ళతో రేకు మీద నాలుగు దెబ్బలూ లెక్కపెట్టుకున్నాడు. "పదండి," అన్నాడు. గట్టు మలుపు ఎత్తు మీద కారు జంకలేదు.

దారిలో మాణిక్యం చెయ్యి మాటిమాటికీ తన నుదుటి మీదికి పోతోంది. భీమేశ్వర్రావు అది గమనించాడు. ముందు సీటులోంచి వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "నీ నుదుటిది ఉందిగా మాణిక్యం. మాకది చాలు."

మేము చేరేసరికి తెల్లగా తెల్లారింది. పెళ్ళికూతురు ఇంకా గౌరీపూజలోనే ఉంది. నన్నూ కారునూ చింతచెట్టు కింద వదిలి అందరూ లోపలికి పరుగెత్తారు. కాసేపటికి పందిట్లోంచి పురోహితుడి కేక వినబడింది. "గట్టిమేళం! గట్టిమేళం!" ఆ వెంటనే నూకరాజు డోలు, దాని మీద భీమేశ్వర్రావు సన్నాయి. ఎన్నో పెళ్ళిళ్ళు బయట చెట్ల కింద నిలబడి విన్నాను గాని, ఆయన అంత బలంగా ఊదడం ఎప్పుడూ వినలేదు. సౌండు బాక్సు అరుగు మీదే ఉండిపోయింది. పూలబుట్టలు పెట్టుకోవడానికి బాగా పనికొచ్చిందట.

ఆ తర్వాత కారును దుర్గారావు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈసారి తుడవకముందే సంగతి చెప్పారు. అతను నన్ను విప్పి ఎండలో పట్టుకుని చూశాడు. నడికొమ్ము నుంచి పక్కకొమ్ముకు వెంట్రుకలాంటి నల్లటి గీత. అన్నాళ్ళుగా నిప్పు నడిచిన బాట, నా ఒంట్లోనే కాలి మిగిలిపోయింది.

"ఇక ఇది పనికిరాదండి. బొట్టు లేకపోయినా నిప్పు ఈ గీత మీదే పోద్ది," అన్నాడు. మాణిక్యం వైపు చూసి, తల గోక్కున్నాడు. "ప్రతిసారీ నేనే తుడిచానమ్మా. పసుపుకుంకాల్ని అడ్డమని ఎలా చెప్పనని నోరుమూసుకున్నాను."

కొత్త మూత వచ్చింది. నున్నగా, నిగనిగలాడుతూ, ప్రపంచం తనతోనే మొదలైనట్టు నా చోట్లో కూర్చుంది. నన్ను తుక్కు డబ్బాలో వేయబోతుంటే మాణిక్యం చెయ్యి చాపింది. "అది నాకివ్వండి."

ఇప్పుడు నేను ఆ ఇంట్లో, పాత సన్నాయిల పక్కన, గూట్లో ఉంటున్నాను. నా మీదుగా ఏ నిప్పూ పోదు. ఇంజను వేడీ లేదు, నూనె వాసనా లేదు. మొదట్లో పొద్దున్నే కారు స్టార్ట్ చేసిన చప్పుడు వింటే నా చోటు గుర్తొచ్చి దిగులేసేది. ఇప్పుడు అలవాటయింది.

మేళానికి మళ్ళీ పిలుపులు వస్తున్నాయి. ప్రయాణం రోజున మాణిక్యం చీకటితో లేస్తుంది, తలస్నానం చేస్తుంది, పసుపూ కుంకుమా కలుపుకుంటుంది. కాని బానెట్ ఎత్తించదు. గుమ్మంలో నిలబడి, కారు సందు చివర మలుపు తిరిగేదాకా చెవి పెట్టి వింటుంది. నాలుగు దెబ్బలూ సమంగా పడుతున్నాయని తేలాక లోపలికి వచ్చి, తడి వేలితో నా కొమ్ముకొమ్ముకీ ఒక్కొక్క బొట్టు పెడుతుంది.